స్విఫ్ట్ 14 స్టీల్ నుంచి 15 అల్లాయ్‌కి: ఆఫ్‌సెట్ ఎంత ఉండాలి, టైరు ఏ సైజు వేయాలి?

#1 వరంగల్_వీఎక్స్ఐ
బండి 2019 స్విఫ్ట్ వీఎక్స్ఐ పెట్రోల్. కంపెనీ నుంచి వచ్చినవి 14 ఇంచుల స్టీల్ వీల్స్, 165/80 ఆర్14 టైర్లు. నాలుగూ అరిగిపోయినయి. ఎట్లాగూ టైర్లు కొనాలె కాబట్టి అల్లాయ్స్‌కి పోదామని ఆలోచన. షాపులో రెండు సెట్లు చూపించిన్రు.

ఒకటి: 15×7జే, ఈటీ 35, ఎనిమిది నట్ బొక్కలు (4×100, 4×108 రెండూ; అంటే నాలుగు బొక్కలు, 100 లేదా 108 మి.మీ. వలయం మీద), నడిమి బొక్క 73.1. దీని మీద 195/65 ఆర్15 వేస్తమన్నరు.
రెండోది: 16×6జే, ఈటీ 45, 4×100. దీని మీద 195/50 ఆర్16.

"35 అయినా 45 అయినా అయిదు అటూ ఇటూ, ఏం కాదు" అంటున్నరు. ఎక్కువ టౌన్ డ్రైవింగే. నెలకోసారి నలుగురం లగేజీతోని హైదరాబాద్. ఏది పట్టుకోవాలె?

#2 గేజ్‌మాస్టర్
ఇలా చెప్పిన రూపంలో అయితే రెండూ వద్దు.

షాపువాళ్ల లెక్కలో లోపం ఒక్కటే. వీల్ వెడల్పు మారినప్పుడు ఒక ఈటీని ఇంకో ఈటీతో నేరుగా పోల్చకూడదు. ఈటీ, అంటే ఆఫ్‌సెట్, రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కి (బండి వైపు చక్రం బిగించే భాగం) ఆనే ముఖం వరకు ఉన్న దూరం, మి.మీ.లలో. ప్లస్ అయితే ఆ ముఖం మధ్యగీత కంటే బయటి వైపు ఉంటుంది, కాబట్టి ఈటీ పెరిగేకొద్దీ వీల్ లోపలికి, తగ్గేకొద్దీ బయటికి జరుగుతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. మర్చిపోయేది ఏంటంటే, 5జే నుంచి 7జేకి (జే ముందు అంకె రిమ్ వెడల్పు, ఇంచుల్లో) వెళ్తే రిమ్ ఒక్కో వైపు 25.4 మి.మీ. పెరుగుతుంది. అది ఈటీ అంకెలో కనపడదు.

ముందు మీ బండికి ఇప్పుడున్న ఈటీ ఎంతో కావాలి. స్టీల్ వీల్ మీద రాసి లేకపోతే కొలవండి. రిమ్‌ని ముఖం కిందికి పెట్టి పడుకోబెట్టండి. లోపలి అంచుల మీద అడ్డంగా ఒక నిటారు పట్టీ పెట్టి, పట్టీ నుంచి హబ్ ముఖం వరకు లోతు కొలవండి, అది బ్యాక్‌స్పేస్. తర్వాత రిమ్ మొత్తం వెడల్పు ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలవండి. ఇది జే కంటే సుమారు 25 మి.మీ. ఎక్కువే వస్తుంది, రెండు అంచుల మందం కలుస్తుంది కాబట్టి. బ్యాక్‌స్పేస్‌లోంచి మొత్తం వెడల్పులో సగం తీసేస్తే ఈటీ. టైరు ఎక్కి ఉంటే పట్టీ రిమ్ మీద కాకుండా టైరు పొట్ట మీద ఆనుతుంది. అప్పుడు పట్టీకీ రిమ్ అంచుకీ మధ్య ఉన్న సందు కూడా కొలిచి తీసేయాలి.

#3 వరంగల్_వీఎక్స్ఐ
పంచర్ షాపుల ఒక టైరు విప్పించి కొలిచిన. మొత్తం వెడల్పు 152, లోతు 116. అంటే 116 – 76 = 40. వీల్ మీద 14×5జే అని ఉంది.

#4 గేజ్‌మాస్టర్
బాగుంది. ఇప్పుడు లెక్క. హబ్ ముఖం నుంచి బయటి అంచు దూరం = వెడల్పులో సగం మైనస్ ఈటీ. లోపలి అంచు దూరం = వెడల్పులో సగం ప్లస్ ఈటీ.

మీ స్టీల్ 5జే ఈటీ 40: సగం 63.5. బయటికి 23.5, లోపలికి 103.5.
15×7 ఈటీ 35: సగం 88.9. బయటికి 53.9, లోపలికి 123.9. అంటే బయటికి 30 మి.మీ., లోపలికి 20 మి.మీ. అదనం. "అయిదు తేడా" అన్నది ఇదీ.
16×6 ఈటీ 45: సగం 76.2. బయటికి 31.2, లోపలికి 121.2. బయటికి 8 కంటే తక్కువే, కానీ లోపలికి దాదాపు 18.
15×6 ఈటీ 40: రెండు వైపులా 12.7 చొప్పున.
15×5.5 ఈటీ 40: రెండు వైపులా 6.35 చొప్పున.

ఇది రిమ్ లెక్క మాత్రమే. తగిలేది టైరు. 165/80 మీ 5జే మీద పొట్ట దగ్గర 170 మి.మీ. చుట్టూ ఉంటుంది. 195/65 ఆర్15కి ప్రామాణిక వెడల్పు 6జే మీద 201. రిమ్ అర ఇంచు పెరిగితే టైరు పొట్ట సుమారు 5 మి.మీ. పెరుగుతుంది కాబట్టి 7జే మీద 211. ఆ సెట్ వేస్తే టైరు ఇప్పటికంటే బయటికి 25, లోపలికి 15 జరుగుతుంది. వెనక ఫెండర్ అంచు దగ్గర నలుగురు కూర్చుని డిక్కీ నింపాక ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

#5 కడప_ఎండ
టైరు సైజుల వైపు నుంచి చూద్దాం. 165/80 ఆర్14 అంటే వెడల్పు 165 మి.మీ., గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ 14 ఇంచులు. వ్యాసం = (వెడల్పు × శాతం × 2) + (రిమ్ ఇంచులు × 25.4).

165/80 ఆర్14: 619.6 మి.మీ. ఇది మీ కొలబద్ద.
185/65 ఆర్15: 621.5. తేడా 0.3 శాతం.
195/60 ఆర్15: 615. మైనస్ 0.7.
195/65 ఆర్15: 634.5. ప్లస్ 2.4.
195/55 ఆర్16: 620.9. ప్లస్ 0.2.
195/50 ఆర్16: 601.4. మైనస్ 2.9.

షాపు చెప్పిన రెండు సైజులూ ఈ జాబితాలో చివరి కొసలు, చూడండి. 195/50 ఆర్16 వేస్తే బండి 9 మి.మీ. కిందికి దిగుతుంది. మీటర్ 100 చూపిస్తే అసలు వేగం 97. ఇంజిన్ ప్రతి గేర్‌లోనూ ఎక్కువ తిరుగుతుంది. 195/65 వేస్తే దీనికి తిరగబడి, పికప్ మందగిస్తుంది, స్టీరింగ్ ఫుల్ కట్ చేసినప్పుడు ముందు లైనర్‌కి (చక్రం గూడు లోపలి ప్లాస్టిక్) తగిలే అవకాశం పెరుగుతుంది. రెండు శాతం లోపు ఉంటే నిశ్చింత, మూడు దాటితే వద్దు అన్నది నేను పాటించే గీత.

లోడ్ ఇండెక్స్ ఎవరూ అడగరు, అడగాలి. మీ 165/80 ఆర్14 మీద 85 ఉంటుంది, అంటే టైరుకి 515 కిలోలు. 185/65 ఆర్15కి 88, 560 కిలోలు. 195/55 ఆర్16కి 87, 545 కిలోలు. 195/50 ఆర్16 మామూలు టైరుకి 84, అంటే 500 కిలోలు. కంపెనీ ఇచ్చిన దానికంటే తక్కువ. నలుగురు, లగేజీ, మే నెల ఎండ, హైవే అన్నారు కాబట్టి అది అక్కడే కొట్టేయండి. వెడల్పు ఎక్కువ ఉన్నంత మాత్రాన బరువు ఎక్కువ మోస్తుందనుకోవడం తప్పు. బరువు మోసేది లోపలున్న గాలి, గోడ పొట్టిదైతే గాలికి చోటు తక్కువ.

స్పీడ్ అక్షరం ఎస్ 180, టీ 190, హెచ్ 210. కంపెనీ ఇచ్చిన అక్షరం కంటే దిగకపోతే చాలు.

#6 లో_ప్రొఫైల్
16ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. 195/50 తప్పు, ఒప్పుకుంటాను. కానీ అదే 16×6 మీద 195/55 ఆర్16 సరైన సైజు. బలెనో పై వేరియంట్లకు కంపెనీయే ఆ టైరు ఇస్తోంది. పీసీడీ (నట్ బొక్కల వలయం) 4×100, హబ్ ఉబ్బు 54.1, స్టడ్ ఎం12×1.25 (12 మి.మీ. లావు, మర చుట్టుకి 1.25 మి.మీ.) అన్నీ స్విఫ్ట్‌వే. వంపుల్లో బండి ఎంత నిలకడగా ఉంటుందో 165/80 నడిపినవాళ్లకు ఊహకు రాదు. ఆ టైరు మలుపులో గోడ మీద పడుకుంటుంది.

#7 గేజ్‌మాస్టర్
సైజు వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ ఆయన వాడకం చూడండి. గోడ ఎత్తు 165/80కి 132 మి.మీ., 185/65కి 120, 195/55కి 107. టౌన్‌లో రోడ్డు తవ్వి పూడ్చిన చోట్లు, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. 107 గోడతో రిమ్ వంగే గుంతలు మన దగ్గర కొల్లలు. ఇంకోటి, ఆ షాపు 16 సెట్ ఈటీ 45. 201 మి.మీ. టైరు లోపలికి 145 దాకా వస్తుంది, ఇప్పుడున్నది 125. ముందు స్ట్రట్‌కీ (షాకబ్జర్ గొట్టం) టైరుకీ మధ్య సందు ఎంతుందో కొలవకుండా ఆ 20 మి.మీ. ఖర్చుపెట్టకూడదు.

#8 షాకబ్‌జర్
సందు కొలిచే పద్ధతి చెప్తాను, ఇది ఊహతో పెట్టుకోకండి.

ముందు చక్రం దగ్గర బానెట్ వైపు నుంచి కాకుండా, జాకీ ఎత్తి, కింద స్టాండ్ పెట్టి, స్ట్రట్ గొట్టానికీ టైరు పొట్టకీ మధ్య ఇరుకైన చోట చూడండి. స్ప్రింగ్ కింది పళ్లెం టైరు పైభాగం దగ్గర ఉంటుంది. కొన్నిసార్లు గొట్టం కంటే ముందు అదే తగులుతుంది. కొత్త వీల్ వేశాక అక్కడ కనీసం 5 మి.మీ. మిగలాలి. బురద, టైరు ఒరగడం అన్నీ ఆ అయిదులోనే సర్దుకోవాలి.

బయటి వైపు పరీక్షకు గోధుమపిండి ముద్దలు చాలు. ఫెండర్ లోపలి అంచు మీద, లైనర్ ముందు వెనక మూలల్లో అంటించండి. వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, డిక్కీలో బరువు పెట్టి, ఖాళీ స్థలంలో ఫుల్ కట్ చేసి ముందుకీ వెనక్కీ, ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్ మీద ఒక చక్రం మాత్రమే ఎక్కేలా ఏటవాలుగా నడపండి. ముద్ద ఎక్కడ నలిగితే అక్కడ తగులుతోంది. ఖాళీ బండిని షాపు ముందు తిప్పి "ఎక్కడా తగల్లేదు సార్" అనడం పరీక్ష కాదు.

వీల్ బయటికి జరిగితే తగలడం ఒక్కటే సమస్య కాదు. స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకీ, టైరు మధ్యకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కంపెనీ దాన్ని లెక్క కట్టి పెడుతుంది. వీల్ మధ్యగీత ఎంత బయటికి పోతే అది అంత మారుతుంది. గుంతలో ఒక చక్రం పడితే స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది, ఒక వైపు బ్రేక్ ఎక్కువ పట్టినా బండి లాగుతుంది. బరువు బేరింగ్‌కి దూరంగా పడటంతో బేరింగ్ మోత కూడా ముందే మొదలవుతుంది. మధ్యగీత జరిగేది ఈటీ తేడా అంత మాత్రమే, వెడల్పుతో సంబంధం లేదు. అందుకే 40కి 35 వరకు ఈ విషయంలో పెద్ద నష్టం లేదు. 20, 15 ఈటీ వీల్స్ పెట్టి ఫెండర్ దాటించేవాళ్లకే ఈ బాధలన్నీ.

#9 ఖమ్మం_కొత్త
లోపల సందు చాలకపోతే 10 ఎంఎం స్పేసర్ వేస్తే అయిపోదా? 16 ఈటీ 45కి స్పేసర్ వేస్తే ఈటీ 35 అయినట్టే కదా.

#10 షాకబ్‌జర్
లెక్క కరెక్టే, బిగింపే తేడా. మామూలు పళ్లెం స్పేసర్ వేస్తే స్టడ్ అంత మేర పొట్టిదవుతుంది. నట్ కనీసం స్టడ్ లావు అంత లోతుకు పట్టాలి. ఎం12×1.25కి 12 భాగించు 1.25 అంటే 9.6, దాదాపు పది పూర్తి చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి, పది రాకముందే బిగుసుకుంటే ఆ స్పేసర్ తీసి పక్కన పడేయాలి. 10 మి.మీ. పళ్లెంతో కంపెనీ స్టడ్ మీద పది చుట్లు దొరకవు. పైగా హబ్ ఉబ్బు స్పేసర్‌లోనే మునిగిపోయి వీల్‌కి ఆనిక ఉండదు. సరైన ఈటీ వీల్ దొరికే ధరలో స్పేసర్ జోలికి పోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

#11 బెజవాడ_ఫిట్టర్
ఆటోనగర్ వైపు రోజూ చూసేవి నాలుగు ముక్కలు చెప్తా.

నడిమి బొక్క. స్విఫ్ట్ హబ్ 54.1. బయటి అల్లాయ్స్ 67.1 గానీ 73.1 గానీ ఉంటాయి, అన్ని బండ్లకీ సరిపోవాలని. మధ్యలో హబ్ రింగ్ పడాలి, బయట 73.1, లోపల 54.1. రింగ్ లేకపోతే వీల్‌ని మధ్యలో పెట్టేది నట్ల కోన్ (ఏటవాలు ముఖం) మాత్రమే. నట్లు ఒక వరసలో కాకుండా ఇష్టమొచ్చినట్టు బిగిస్తే అర మి.మీ. పక్కకి కూర్చుంటుంది, 80 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద మాత్రం అంతా సున్నా చూపిస్తుంది, ఎందుకంటే మెషిన్ కోన్ నడిమి బొక్కని పట్టుకుంటుంది. కస్టమర్ మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించి తిరుగుతుంటాడు. రింగులు నాలుగూ ఉన్నాయో లేదో వీల్ ఎక్కించే ముందు అడగండి.

నట్లు. మారుతివి ఎం12×1.25. హోండా, హ్యుందాయ్‌వి ఎం12×1.5. పొరపాటున 1.5 నట్ ఎక్కిస్తే ఒకటి రెండు చుట్లు వెళ్లి బిగుస్తుంది, గన్ పెట్టి కొడితే స్టడ్ మర పోతుంది. కోన్ 60 డిగ్రీలు ఉండాలి. ఐ20 అల్లాయ్స్ స్విఫ్ట్‌కి పీసీడీ, 54.1 రెండూ సరిపోతాయి, నట్లు మాత్రం మీవే వాడాలి. హోండా సిటీ వీల్స్ అయితే 56.1, రింగ్ కావాలి.

పీసీడీ. కొన్ని పాత ఫియట్ బండ్ల వీల్స్ 4×98. నాలుగు నట్లూ ఎలాగోలా ఎక్కుతాయి కాబట్టి 4×100 అని అమ్మేస్తారు. ఒక్కో నట్ ఒక మి.మీ. పక్కకి లాగి కూర్చుంటుంది. కొన్నాళ్లకి వదులవుతుంది, లేదా స్టడ్ విరుగుతుంది. 8 బొక్కల వీల్ అయితే మీది 100 వరస, 108 ఫోర్డ్‌ది.

వీల్ వెనక జేడబ్ల్యూఎల్ (జపాన్ అల్లాయ్ వీల్ ప్రమాణం) గుర్తు, ఎంత బరువుకి చేశారో, ఈటీ, జే అన్నీ పోత పోసి ఉండాలి. స్టిక్కర్ మీద మాత్రమే ఉంటే నమ్మకండి. టైరు పక్కన ఐఎస్‌ఐ గుర్తు, నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. డిస్కౌంట్ ఎక్కువ ఇస్తున్నారంటే ముందు ఆ నాలుగంకెలే చదవండి.

#12 ఖమ్మం_కొత్త
ఆర్టీఓ, ఇన్సూరెన్స్ వాళ్లతో ఇబ్బంది ఉంటుందా?

#13 గేజ్‌మాస్టర్
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో కంపెనీ వివరాలకు భిన్నంగా మార్పులు చేయొద్దంటుంది. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు వేసుకుంటే వాదనకు చోటుండదు. మూడో తరం స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ చూడండి, చాలా బండ్లలో వేరియంట్లన్నిటి సైజులూ ఒకే స్టిక్కర్ మీద ఉంటాయి. టైరు ఫెండర్ దాటితే మాత్రం ఎవరైనా ఆపుతారు, ఆపాలి కూడా.

ఇన్సూరెన్స్‌కి బయట వేయించిన అల్లాయ్స్ అదనపు యాక్సెసరీ కింద లెక్క. రెన్యువల్‌లో బిల్లు చూపించి విలువ చేర్పించకపోతే దొంగతనానికీ యాక్సిడెంట్‌కీ వాటి డబ్బు రాదు. బండి వారంటీలో ఉన్నవాళ్లకు ఇంకో మాట: బేరింగ్, సస్పెన్షన్ క్లెయిమ్ వచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ మొదట చూసేది వీల్సే.

#14 వరంగల్_వీఎక్స్ఐ
అందరికీ థ్యాంక్స్. ఇంకో షాపుల 15×6జే, ఈటీ 38, 4×100, నడిమి బొక్క 67.1 దొరికింది. వెనక జేడబ్ల్యూఎల్ పోత ఉంది. దీని మీద 185/65 ఆర్15. నా లెక్క: రిమ్ బయటికి 38.2, లోపలికి 114.2. అంటే ఇప్పటికంటే బయటికి 14.7, లోపలికి 10.7. కరెక్టేనా? రిమ్‌కి ఈ టైరు పడుతదా, లేక 195/60 వేయాల్నా?

#15 గేజ్‌మాస్టర్
లెక్క సరిగ్గా ఉంది. 185/65 ఆర్15కి అనుమతించే రిమ్ 5 నుంచి 6.5జే, ప్రామాణికం 5.5. 6జే మీద హాయిగా కూర్చుంటుంది. పొట్ట 194 అవుతుంది, అంటే టైరు బయటికి 14, లోపలికి 10 మాత్రమే. 195/60కి 5.5 నుంచి 7 వరకు, అదీ పడుతుంది, లోడ్ ఇండెక్స్ కూడా 88 ఉంటుంది. అయితే గోడ 117కి తగ్గుతుంది, కొంచెం పట్టు తప్ప మీకు మిగిలేది తక్కువ. 185/65 చాలా బండ్లకు వచ్చే సైజు, రాత్రి హైవే మీద టైరు పోయినా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో జెడ్ఎక్స్ఐ కంపెనీ అల్లాయ్స్ దొరికితే అంతకన్నా సుఖం లేదు, రింగ్ గొడవా లేదు, ఆఫ్‌సెట్ లెక్కా లేదు. కాకపోతే మెషిన్ మీద టైరు లేకుండా తిప్పి లోపలి అంచు ఊగుతోందో లేదో చూసి కొనండి. వంగి వెల్డింగ్ చేసి రంగేసినవి చాలా తిరుగుతున్నాయి. వెల్డింగ్ గుర్తు లోపలి వైపే ఉంటుంది, బయట మెరుస్తూనే ఉంటుంది.

#16 బెజవాడ_ఫిట్టర్
ఆ సెట్‌కి రింగ్ 67.1–54.1 అడగండి, 73.1 కాదు. ఎక్కించే రోజు: హబ్ ముఖం మీద తుప్పుని వైర్ బ్రష్‌తో శుభ్రం చేయించండి, తుప్పు పొర ఉంటే వీల్ వంకరగా కూర్చుంటుంది. స్టడ్ మరకి గ్రీజు పూయనివ్వకండి. గ్రీజు ఉంటే అదే టార్క్‌కి స్టడ్ ఎక్కువ సాగుతుంది. నట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురు వరసలో, చివర టార్క్ పానాతో మీ మాన్యువల్‌లో ఉన్నంత బిగించాలి. గన్‌తో చివరిదాకా కొట్టనివ్వొద్దు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి టార్క్ చూడాలి. కొత్త అల్లాయ్ రంగు పొర నట్ కింద నలిగి కూర్చుంటుంది, బిగువు కొంచెం తగ్గడం మామూలే.

లోపలి వైపు అంటించే బరువులు బ్రేక్ క్యాలిపర్‌కి తగలకుండా ఉన్నాయో లేదో చేత్తో చక్రం ఒక చుట్టు తిప్పి చూడండి. గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టిక్కర్‌లో 185/65కి రాసినంత పెట్టండి. వేడి టైరులో గాలి ఎక్కువ చూపిస్తోందని తీసేయకండి.

#17 వరంగల్_వీఎక్స్ఐ
స్టెప్నీ పాత 14 స్టీలే ఉంచాల్నా, అయిదో అల్లాయ్ కొనాల్నా?

#18 కడప_ఎండ
పాతదే చాలు. 619.6కి 621.5, వ్యాసంలో రెండు మి.మీ. తేడా. ఏబీఎస్‌కీ ఇబ్బంది రాదు. 80 దాటకుండా పంచర్ షాపు దాకా వెళ్లండి, అంతే. స్టెప్నీ గుంట కూడా 14కి తగినట్టే ఉంటుంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. అల్లాయ్స్‌తో సన్న నట్లు ఇస్తే వాటి సాకెట్ వేరే ఉంటుంది, కంపెనీ పానా ఆ గుంతలోకి దూరదు. ఆ నట్లు స్టీల్ వీల్‌కి సరిగ్గా కూర్చుంటాయన్న గ్యారంటీ కూడా లేదు. షాపువాళ్లు పాత నట్లు ఉంచేసుకుంటారు, అడిగి తీసుకోండి. నాలుగు పాత నట్లు, ఆ సన్న సాకెట్ రెండూ స్టెప్నీ గుంటలోనే పెట్టండి.